వైస్‌లో సొట్ట పడకుండా బిగించాలంటే

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త బెంచ్ వైస్, అంటే బల్లకు బిగించి వస్తువును రెండు దవడల మధ్య కదలకుండా పట్టే పరికరం, కొని పెట్టె విప్పితే, ఆ దవడల మీద అడ్డంగా నిలువుగా గీసిన పళ్ళు కనిపిస్తాయి. అవి గట్టిపరిచిన స్టీలు పళ్ళు. ముతక ఇనుప కడ్డీని హ్యాక్సా కింద కదలకుండా పట్టడానికి పెట్టినవి. వాటి మధ్య అల్యూమినియం ముక్కో, ఇత్తడి బుష్షో, టేకు మంచం కోళ్ళో, యాక్రిలిక్ షీటో పెట్టి బిగిస్తే ఆ పళ్ళ అచ్చు అలాగే దిగిపోతుంది. దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే: మధ్యలో మెత్తటిది ఏదైనా పెట్టమని. పాత సైకిల్ ట్యూబు, గుడ్డ, అట్ట, చేతికి ఏది తగిలితే అది.

ఆ మందు సగం రోగానికే పనిచేస్తుంది. రబ్బరు పెడితే పళ్ళ గాటు పడదు, కానీ పైపు చపటగా అవుతుంది. గుడ్డ పెడితే గీత పడదు, కానీ ఆకురాయి పట్టగానే ముక్క వాలిపోతుంది. వస్తువు పాడయ్యే దారులు వేరువేరు. పళ్ళు గుచ్చుకోవడం ఒకటి, బోలుగా ఉన్నది నొక్కుకుపోవడం ఇంకొకటి, కర్ర పోగులు నలగడం మరొకటి. జారడం వల్ల పడే గీతలు, ఇరుక్కున్న రజను వల్ల పడే గీతలు వీటికి అదనం. మధ్యలో ఏం పెట్టాలన్నది తర్వాతి మాట. దవడల మధ్య ఎంత బలం పుడుతోంది, అది ఎంత జాగా మీద పడుతోంది అన్నది ముందు చూడాలి.

చేతిలో పదిహేను కిలోలు, దవడల్లో తొమ్మిది వందలు

125 మిల్లీమీటర్ల వైస్, అంటే బజారు భాషలో ఐదంగుళాలది తీసుకుందాం. హ్యాండిల్‌ను మధ్య నుంచి 200 మి.మీ. దూరంలో పట్టుకుని 15 కిలోల బలంతో తిప్పుతున్నారు. ఒక చుట్టుకు దవడ 5 మి.మీ. జరుగుతుంది. స్క్రూ రాపిడిలో పోయేది పోగా పావు వంతు బలమే దవడకు చేరుతుందనుకున్నా, బిగింపు సుమారు 900 కిలోలు వస్తుంది. పెద్దగా ఆయాసపడకుండా ఒంటిచేత్తో వచ్చే బలం ఇది. హ్యాండిల్‌కు పైపు తొడిగి తిప్పేవారి సంగతి చెప్పక్కర్లేదు.

మరి పనికి ఎంత కావాలి? ఆకురాయితో రాస్తున్నప్పుడు ముక్కను నెట్టే బలం పది కిలోలనుకోండి. దవడకూ ముక్కకూ మధ్య రాపిడి గుణకం 0.2 ఉంటే, రెండు వైపులా కలిపి పట్టు నిలవడానికి 25 కిలోల బిగింపు చాలు. జాగ్రత్తకు మూడింతలు వేసుకున్నా 75. తోలు లాంటి పట్టున్న పదార్థం వేస్తే గుణకం 0.5 దాకా పెరుగుతుంది, అప్పుడు పది కిలోలతోనే కథ ముగుస్తుంది, మూడింతలకు ముప్పై. మిగిలిన ఎనిమిది వందల చిల్లర కిలోలు మచ్చ వేయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు. సుత్తి దెబ్బలకు, వంచడానికి, రంధ్రంలో మరలు కోసే పెద్ద ట్యాప్ తిప్పడానికి ఎక్కువ బిగింపు కావాలి, నిజమే. కానీ రాయడం, రంపంతో సన్నగా కోయడం, ఎమరీ పట్టడం, సోల్డరింగ్ వంటి పనుల్లో చెయ్యి అలవాటుకొద్దీ పదింతలు బిగిస్తుంది. మెత్తటి సరుకుకు మొదటి రక్షణ హ్యాండిల్ దగ్గరే ఉంది: మణికట్టు బలంతో ఆపాలి, భుజం వేయకూడదు.

ఇక ఆ బలం పడే జాగా. కిటికీ ఫ్రేములకు వాడే 6063 రకం అల్యూమినియం టీ5 అనే వేడితో గట్టిపరచిన స్థితిలో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 15 కిలోల దగ్గర శాశ్వతంగా రూపు మారడం మొదలవుతుంది. 50 మి.మీ. వెడల్పు పట్టీ దవడలో 15 మి.మీ. లోతున కూర్చుంటే తాకే జాగా 750 చదరపు మిల్లీమీటర్లు. నున్నటి దవడ అయితే 900 కిలోలు ఆ జాగా అంతటా పరచుకుని ఒక్కో చదరపు మిల్లీమీటరుకు 1.2 కిలోలే పడుతుంది. పట్టీకి ఏమీ కాదు. అదే పళ్ళున్న దవడ అయితే మొదట తాకేవి మొనలు మాత్రమే. మొన గుచ్చుకునేటప్పుడు లోహం చుట్టూ ఉన్న లోహం ఆసరాతో దాదాపు మూడింతలు ఎదురు నిలుస్తుంది, అంటే 45 కిలోలు. 900ను 45తో భాగిస్తే 20. మొనలన్నీ కలిపి 20 చదరపు మిల్లీమీటర్ల జాగా దొరికేదాకా దిగుతూనే ఉంటాయి, అప్పుడు ఆగుతాయి. నున్నటి దవడలో 750 మీద పడాల్సిన బరువు 20 మీద పడింది. ఇక్కడ కావాల్సింది మెత్తదనం కాదు, చదును. అల్యూమినియానికి అల్యూమినియమే చదునుగా అడ్డు పెడితే చాలు.

కర్ర సంగతి తిరగబడుతుంది. పోగులకు అడ్డంగా నొక్కితే టేకు కూడా చదరపు మిల్లీమీటరుకు ఒక కిలో అటూ ఇటూగానే నలగడం మొదలుపెడుతుంది. పైన చెప్పిన 1.2 కిలోలు దానికి ఎక్కువే. అంటే పళ్ళు తీసేసినా, నున్నటి రేకు పెట్టినా, 15 మి.మీ. దవడ అంచు కర్రలో అచ్చు వేస్తుంది. దానికి మందు జాగా పెంచడం. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు 100 × 80 కొలతలో రెండు కోసి ఇరువైపులా పెడితే జాగా 8000 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది, అదే 900 కిలోలు 0.11కి పడిపోతాయి. ప్లై ముక్క పలచగా ఉంటే దవడ పైన మిగిలిన భాగం వెనక్కి వంగిపోతుంది, జాగా పెరిగినట్టు కనిపిస్తుంది కానీ పెరగదు. అందుకే 18కి తగ్గకూడదు.

పైపుకు లెక్క ఇంకోలా ఉంటుంది. 25 మి.మీ. బయటి కొలత, 1 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం పైపును 50 మి.మీ. పొడుగున నేరుగా బిగిస్తే, అది చపటగా అవడానికి లెక్క ప్రకారం 60, 70 కిలోలు చాలు. పైపు పైముఖం మీద గాటు పడకముందే ఆకారం పోతుంది. మధ్యలో రబ్బరు పెట్టినా, రాగి రేకు పెట్టినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే దవడ తాకేది ఎదురెదురుగా రెండు గీతల మీదే.

పైపుకు చెక్క దిమ్మ

దీనికి బైక్ మెకానిక్ షాపుల్లో తరచూ పాడయ్యే వస్తువును చూద్దాం: ముందు ఫోర్కు లోపలి ట్యూబు. పైన క్రోమ్ గట్టిదే కాబట్టి ఏమీ కాదనుకుని నేరుగా వైస్‌లో బిగిస్తారు. క్రోమ్ పూత వెంట్రుకకన్నా పలచన. కింది స్టీలు కాస్త నొక్కుకున్నా పూత చిట్లుతుంది. ఆయిల్ సీల్ పెదవి ఆ చిట్లిన అంచు మీదుగా పైకీ కిందికీ తిరిగిన కొద్దిరోజులకే కోసుకుపోయి ఆయిల్ కారుతుంది. సీల్ నకిలీదని షాపువాడిని తిడతారు కానీ తప్పు వైస్‌ది.

చేయాల్సింది ఇది. టేకో, గట్టి తుమ్మో 100 × 60 × 50 మి.మీ. దిమ్మ తీసుకోవాలి. పోగులు 100 మి.మీ. పొడుగు వెంట, అంటే దవడ వెంట ఉండాలి. పోగులు ట్యూబు వెంట నిలువుగా ఉంటే బిగించగానే దిమ్మ చీలిపోతుంది. 100 × 60 ముఖం మధ్యలో ట్యూబు కొలతకు సరిగ్గా రంధ్రం వేయాలి, డ్రిల్ ప్రెస్ మీద అయితే నిటారుగా వస్తుంది. తర్వాత రంధ్రం మధ్య నుంచి దిమ్మను పొడుగునా రెండుగా కోయాలి. రంపం తినేసే ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు సందే బిగింపుకు జాగా. సగాలను ట్యూబు మీద పెట్టి చూస్తే మధ్యలో ఆ సందు సమానంగా కనిపించాలి. రంధ్రం చిన్నదైతే సగాల అంచులు నాలుగు గీతలుగా గుచ్చుకుంటాయి. పెద్దదైతే ట్యూబు మళ్ళీ రెండు గీతల మీదే కూర్చుంటుంది. అర మిల్లీమీటరు పెద్దదైతే ట్యూబు చుట్టూ కాగితం ఒకటి రెండు చుట్లు చుట్టి సరిచేయవచ్చు. చిన్నదైతే గుండ్రటి కర్రకు ఎమరీ కాగితం చుట్టి అరగదీయాలి.

ఇత్తడి పైపులు, టెలిస్కోపు గొట్టాలు, పలచటి గోడలవి అయితే దిమ్మతో పాటు లోపల కూడా ఆసరా ఇవ్వడం మంచిది. లోపలి కొలతకు బిగుతుగా సరిపోయే కర్ర గూటం దూర్చితే చాలు. తీయడానికి వీలుగా ఒక కొస బయటకు వదలాలి.

మరలున్న బోల్టును పట్టాలంటే రెండు నట్లు ఎదురెదురుగా బిగించి నట్ల ముఖాలనే పట్టుకోవడం అన్నిటికన్నా సులువు. అలా వీలుకానప్పుడు అదే కొలత నట్టును ఒక వైపు హ్యాక్సాతో చీల్చి, బోల్టుకు ఎక్కించి, చీలిక దవడకు ఎదురుగా కాకుండా పైకి వచ్చేలా పెట్టి బిగించాలి. నట్టు మూసుకుని మరలన్నిటినీ ఒకేసారి పట్టుకుంటుంది. నట్టు లోపలి మరలు బోల్టు మరలకు సరిగ్గా సరిపోతాయి కాబట్టి మరల మీద భారం కొన్ని మొనల మీద కాక చుట్టూ పరచుకుంటుంది.

తొడుగులు: ఏది ఎక్కడ

ఐటీఐ ఫిట్టర్ పాఠంలో వైస్ క్లాంపులని వచ్చేవి ఇవే, దవడల మీద తొడిగే మెత్తటి లోహపు రేకులు. ఒక జత చేసుకోవడానికి అరగంట పట్టదు. రాణిగంజ్ వైపు అల్యూమినియం సెక్షన్లు అమ్మే షాపుల్లో మిగిలిన తుంపులు తూకానికి ఇస్తారు. 25 × 25 × 3 మి.మీ. ఎల్ యాంగిల్ తీసుకుని దవడ పొడుగుకు, అంటే 125 మి.మీ.కి రెండు ముక్కలు కోయాలి. ఒక రెక్క దవడ ముఖం మీద వేలాడుతుంది, రెండోది పైన కూర్చుంటుంది. యాంగిల్ లోపలి మూలలో చిన్న గుండ్రం ఉంటే దవడ పై అంచు అక్కడ తగిలి రెక్క చదునుగా ఆనదు. వెనక సందు ఉందేమో వెలుతురుకు పెట్టి చూసి, ఆ మూలను ఆకురాయితో లోపలికి తినిపించాలి. ఇది వదిలేస్తే తొడుగు ఊగుతుంది, పట్టు అంతా పై అంచు మీదే ఉంటుంది, ముక్క కింది వైపు విడిగా తిరుగుతుంది.

వీటికి అయస్కాంతాలు అతికించడం ఇప్పుడు అలవాటుగా మారింది. అతికిస్తే పై రెక్కలోనే అతికించాలి. ముఖం రెక్కలో పెడితే ఆ పెళుసు అయస్కాంతం మీద బిగింపు భారం పడి పగులుతుంది, లేదా దాని గుండ్రటి అచ్చు పని మీద దిగుతుంది. ఇంకో చిక్కుంది: అయస్కాంతం గదిలో ఉన్న ఇనుప రజనునంతా పోగుచేసి సరిగ్గా మెత్తటి సరుకు పెట్టే చోటికే తెచ్చిపెడుతుంది. అందుకే రేకు తొడుగులే మేలు. 2 మి.మీ. అల్యూమినియం రేకును దవడకన్నా ఇరువైపులా 15 మి.మీ. ఎక్కువగా, 155 మి.మీ. పొడుగున కోసి, చివర్లను దవడ పక్కలకు మడిచేస్తే ఏ అతుకూ లేకుండా నిలుస్తుంది. రేకు మడత దగ్గర పగుళ్ళిస్తుంటే కాస్త కాల్చి మెత్తబరచాలి. అల్యూమినియం ఎర్రబడకుండానే, 660 డిగ్రీల దగ్గర, నీరైపోతుంది కాబట్టి కంటితో వేడి తెలియదు. బట్టల సబ్బుతో ఒక గీత గీసి వెనక నుంచి మంట పెట్టి, గీత నల్లబడగానే మంట తీసేయాలి. రాగి రేకు అయితే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచవచ్చు.

రాగి తొడుగు పాతకాలం ఫిట్టర్లకు ఇష్టం. మరలకు, గట్టిపరచని స్టీలు షాఫ్టులకు అది బాగుంటుంది. కానీ వాడేకొద్దీ రాగి గట్టిపడుతుంది. కొన్ని నెలలకు అది మెత్తటి తొడుగు కాకుండా పోతుంది, మళ్ళీ కాల్చాలి. సీసం రేకులు వాడే అలవాటు కూడా ఒకప్పుడు ఉండేది. చేతులకంటి అన్నంలోకి పోయే విషాన్ని ఇంత చిన్న పనికోసం తెచ్చుకోనక్కర్లేదు.

పాలిష్ చేసిన ఇత్తడి, వెండి, రంగు వేసిన భాగాలకు లోహపు తొడుగు ఏదైనా అనుమానమే. అల్యూమినియం తెల్లటి వాటి మీద బూడిద రంగు మరక రుద్దుతుంది. ఇక్కడ తోలుకు సాటి లేదు. 3 మి.మీ. మందం, నూనె పట్టని బెల్టు తోలు తీసుకుని ప్లైవుడ్ ముక్కలకు అతికించి వాడాలి. దవడకు నేరుగా అతికించకూడదు. పళ్ళు వెనక నుంచి తోలును నలిపి, కొన్నాళ్ళకు ముందు వైపుకే తేలతాయి. పైగా వానాకాలంలో తోలు తేమ పీల్చి దవడకు తుప్పు పట్టిస్తుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, తుమ్మ లాంటి కర్రలు తడిగా ఇనుముకు ఆనుకుంటే నల్లటి మరక వస్తుంది, అది టేకు మీద దిగితే ఎంత ఎమరీ పట్టినా లోతు నుంచి పోదు.

రబ్బరుకు పరిధి చిన్నది. వంకరటింకర వస్తువును తేలిగ్గా పట్టడానికి పనికొస్తుంది. ఆకురాయి పనికి మాత్రం వద్దు. ప్రతి తోపుకూ రబ్బరు నొక్కుకుని తిరిగి లేస్తుంది, ముక్క కిచకిచలాడుతూ వణుకుతుంది, రాసిన ముఖం అలలుగా వస్తుంది. దాన్ని ఆపుదామని ఇంకా బిగిస్తారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

వంటింటి కోత పలక, బేగం బజార్‌లో దొరికే తెల్లటి పాలిథిన్ పలక, మంచి తొడుగు సరుకు. 10, 12 మి.మీ. మందంది కోసి వాడితే రంగుకూ పాలిష్‌కూ హాని ఉండదు. జారుడు గుణం ఒక్కటే లోపం, కాబట్టి లాగే పనులకు కాదు. త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తొడుగులు తీసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో రేకుల షెడ్డులో, కిటికీ పక్కన ఉన్న వైస్ మీద ఆ వేడి దూరమేమీ కాదు.

యాక్రిలిక్, స్టెయిన్‌లెస్, నగ పని

యాక్రిలిక్ షీటు మీద అంటించి వచ్చే కాగితాన్ని పని అయ్యేదాకా తీయకూడదు. దానికి పడే దెబ్బ గీత ఒక్కటే కాదు. బిగింపులో ఉన్న యాక్రిలిక్‌ను థిన్నరుతోనో స్పిరిటుతోనో తుడిస్తే, ఒత్తిడి ఉన్న చోట సన్నటి పగుళ్ళ వల లేస్తుంది. అంచు రాసి, తుడిచి, ఆ తర్వాత వదులు చేయడం తప్పు వరస. ముందు వదులు చేయాలి, తుడిస్తే సబ్బు నీళ్ళతో తుడవాలి. నైలాన్, పీవీసీ, టెఫ్లాన్‌లను రాత్రంతా బిగించి వదిలేయకూడదు. అవి నెమ్మదిగా పారతాయి. సాయంత్రం లేని సొట్ట పొద్దునకు ఉంటుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు మెత్తటిది కాదు, అయినా దానికీ తొడుగు కావాలి. మామూలు స్టీలు పళ్ళు తగిలిన చోట ఇనుప రేణువులు అంటుకుంటాయి. రెండు వానలకు అక్కడ తుప్పు చుక్కలు కనిపిస్తాయి. రైలింగు పనుల్లో స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే. అల్యూమినియం తొడుగు సరిపోతుంది, కానీ అంతకుముందు మామూలు ఇనుముకు వాడినది కాకూడదు.

నగల పని చేసేవారు బిగింపు అనే చిక్కునే పక్కకు తప్పిస్తారు. లక్కను వేడిచేసి, కర్ర మీద పోసి, వస్తువును అందులో కూర్చోబెడతారు. చల్లారాక లక్క వెనక వైపంతా ఆనుకుని పట్టుకుంటుంది, ఎక్కడా ఒక చోట నొక్కదు. వైస్ ఆ కర్రను పట్టుకుంటుంది, నగను కాదు. ఇదే పద్ధతి పలచటి ఇత్తడి రేకులకు, నేమ్ ప్లేట్లకు పనికొస్తుంది: రేకును రెండు వైపులా జిగురుండే టేపుతో ప్లైవుడ్ ముక్కకు అతికించి, ఆ ముక్కను బిగించాలి. పని అయ్యాక హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే వదులుతుంది. పీకితే రేకు వంగుతుంది.

వంకర దవడ, ఇరుక్కున్న రజను

ముక్కను దవడ ఒక కొసన పెట్టి బిగిస్తే కదిలే దవడ పక్కకు తిరుగుతుంది. లోపలి అంచున భారం గుచ్చుకుంటుంది, ఖాళీగా ఉన్న రెండో కొస మూసుకుంటుంది. తొడుగు ఎంత మంచిదైనా ఇక్కడ ఒక మూల మచ్చ తప్పదు. ముక్క మధ్యలో ఉండాలి. వీలుకాకపోతే అదే మందం ఉన్న ఇంకో ముక్కను రెండో కొసన పెట్టాలి. నిలువు దిశలోనూ ఇంతే. స్క్రూ దవడల కింద ఉంటుంది కాబట్టి, పై అంచున కొద్దిగా మాత్రమే పట్టిస్తే పాత వైస్‌లో కదిలే దవడ పైభాగం వెనక్కి వాలుతుంది. ముక్క ఎంత లోతుగా కూర్చుంటే అంత సమంగా భారం పడుతుంది.

తొడుగు మెత్తగా ఉండటానికి ఒక మూల్యం ఉంది: రజను దానిలోనే దిగబడుతుంది. ఇనుప ముక్క రాసిన తొడుగులో దిగిన ఒక చిన్న పలుకు, తర్వాత పెట్టిన ఇత్తడి మీద గీత గీయడానికి చాలు. అందుకే ఇనుముకు ఒక జత, మిగిలిన లోహాలకు ఇంకో జత పెట్టుకుని, మీద మార్కరుతో రాసుకోవాలి. ప్రతి బిగింపుకు ముందు బొటనవేలు తొడుగు ముఖం మీద పైనుంచి కిందికి నెమ్మదిగా తడమాలి. కంటికి కనిపించని పలుకు వేలికి తగులుతుంది. గరుకు తగిలితే ఇత్తడి తీగల బ్రష్‌తో దులపాలి, పోకపోతే ఆకురాయితో ముఖాన్ని ఒకసారి చదును చేయాలి. గాలి గొట్టంతో ఊదితే రజను స్క్రూలోకీ కళ్ళలోకీ పోతుంది.

రోజంతా అల్యూమినియం, ఇత్తడి, ప్లాస్టిక్ మీదే పనిచేసే షాపు అయితే తొడుగుల గొడవ లేకుండా పళ్ళ ప్లేట్లనే తీసేయడం తెలివైన పని. చాలా వైస్‌లలో ఒక్కో ప్లేటు రెండు స్క్రూల మీద ఉంటుంది. ముందు కిరోసిన్ వేసి ఒక రాత్రి నానబెట్టి, తర్వాత దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌తో విప్పాలి. కొన్ని ప్లేట్లకు వెనక వైపు నున్నగా ఉంటుంది, తిరగేసి బిగిస్తే సరిపోతుంది. లేకపోతే అదే కొలతకు అల్యూమినియం పట్టీతో కొత్తవి చేసుకోవాలి. స్క్రూ తల ప్లేటు ముఖానికన్నా కనీసం ఒక మిల్లీమీటరు లోపలికి దిగి ఉండాలి. రెండు ప్లేట్లూ బిగించాక మధ్యలో కాగితం ముక్కలు నాలుగు మూలలా పెట్టి తేలిగ్గా బిగించి లాగి చూడాలి. ఏ మూల కాగితం సులువుగా వచ్చేస్తే అక్కడ ప్లేటు వెనక పలచటి రేకు వేసి ఎత్తాలి.